ఇయ్యాల మీ ఊరోన్ని

"మీరు కరీంనగర్ లెఫ్ట్ కవరేనా?"

మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా కడుక్కుంటుండగా వచ్చిన ఫోన్ అది. తెలియని నంబరు, ఆడమనిషి గొంతు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. కబడ్డీ కోర్టులో ఎడమ మూలన నిలబడేవాడు కార్నర్, వాడి పక్కవాడు కవర్. నేను అక్కడ నిలబడి పదేళ్లు దాటింది. పొట్ట మీద చొక్కా గుండీలు బిగుసుకున్నాయి. మెట్లెక్కితే మోకాలు కిర్రుమంటుంది. అయినా అవునన్నాను.

"చెన్నూరు నుంచి మాట్లాడుతున్న సారూ. మీ పేరు నాకు తెల్వదు. ఆయన ఫోన్ల ఎవ్వల పేర్లు లెవ్వు. ఊరు, ఆడే జాగ, గంతే రాసి పెట్టుకున్నడు. వరుసవెట్టి అందరికి చేస్తున్న. మొన్న మాపటికి ఆయన పోయిండు."

ఆయనంటే ఎవరని నేను అడగలేదు. మనుషుల్ని ఊరితోనూ, కోర్టులో నిలబడే చోటుతోనూ గుర్తుపెట్టుకునేవాడు నాకు ఒక్కడే తెలుసు. సమాధి కార్యక్రమం అయిపోయిందని, ఆదివారం ఇంటి ముందు ఆదరణ కూడిక ఉంటుందని, వీలుంటే రమ్మని ఆమె చెప్పింది. నా తర్వాత ఆమె ఎవరికి చేసి ఉంటుందో ఊహించగలను. ఏ బల్లార్షా రైడర్‌కో, ఏ నిర్మల్ రైట్ కార్నర్‌కో. పేరు తెలియని మనిషికి ఫోన్ చేసి, చావు కబురు చెప్పి, మళ్లీ పేరు తెలియని మరో మనిషికి.

సీటుకు వచ్చి ఫైలు తెరిచాను. ఒకే వరుస నాలుగుసార్లు చదివాను. లేచి ఆఫీసు చుట్టూ తిరిగి వచ్చాను. మళ్లీ తెరిచాను, మళ్లీ లేచాను. ఆ సీటు గురించి తర్వాత చెబుతాను. దానికీ ఆయనకూ సంబంధముంది.

ఆయన జీవితమంతా కబడ్డీ ఆడాడు. ఒక్క జట్టుకు కాదు. మా వైపు జాతరలకూ, పంటలు ఇంటికొచ్చాకా ఊళ్లల్లో టోర్నమెంట్లు పెడతారు. ప్రతి ఊరికీ ఏడుగురు దొరుకుతారు గానీ, గెలిచే ఏడుగురు దొరకరు. అప్పుడు బయటినుంచి ఒకరిద్దరిని పిలిపించుకుంటారు. దారి ఖర్చు, రెండు పూటలా తిండి, గెలిస్తే ఇంకాస్త. ఆయన అలా పిలిస్తే వచ్చే మనిషి. జగిత్యాల నుంచి ఆసిఫాబాద్ దాకా, ప్రాణహిత దాటి సిరొంచ, అటు బల్లార్షా, వణి దాకా ఆయన ఆడని నేల లేదు. వణిలో ఆయన్ని 'కోపరా భావూ' అనేవాళ్లు, మూలన నిలబడే అన్న అని. కరీంనగర్‌లో సాయిబుల పిల్లలు ఉస్తాద్ అనేవాళ్లు. కరీంనగర్‌లో అందరూ ఆయనది చెన్నూరు అనుకునేవాళ్లు. చెన్నూరులో మాత్రం, ఎప్పుడూ ఊళ్లో ఉండడు కాబట్టి, కరీంనగర్ ఆయన అనేవాళ్లు.

"మీదే ఊరన్నా?" అని ఎవరైనా అడిగితే, "ఇయ్యాల మీ ఊరోన్నే" అనేవాడు. అది వేళాకోళం కాదు. నిజంగానే ఆ రెండు రోజులూ ఆ ఊరివాడైపోయేవాడు. ఏ ఇంట్లో ముసలామెకు కాలు విరిగిందో, ఏ బావిలో మోటారు కాలిపోయిందో సాయంత్రానికల్లా తెలిసిపోయేది. అవతలి ఊరివాళ్లు ఈ ఊరిని ఒక మాటంటే మీదికి పోయేవాడు. మూడో రోజు పొద్దున వేరే ఊరి బస్సెక్కేవాడు.

నేను మొదట ఆయన్ని చూసింది వేములవాడలో. శివరాత్రి జాతరకు పెట్టిన ఆటలు. నేను డిగ్రీ కాలేజీలో చదువుతున్నాను, కరీంనగర్ జట్టులో కొత్త. అప్పుడు నేను కూతకు కూడా పోయేవాణ్ణి. ఆయన సిరిసిల్ల దిక్కు ఒక ఊరి జట్టులో ఎడమ మూలన ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, వంగి నిలబడి, నా మొహం వైపు ఒక్కసారి కూడా చూడకుండా నా పాదాలనే చూస్తున్నాడు. నేను మూడుసార్లు పోయాను. మూడుసార్లూ నా కుడి మడమ ఆయన గుప్పిట్లో చిక్కింది. మూడోసారి వదిలేటప్పుడు నా కాలికంటిన మట్టిని ఆయనే తుడిచాడు.

వారం తిరిగేసరికి ఆయన మా జట్టులో ఉన్నాడు. జగిత్యాలలో ఆట కోసం మావాళ్లు పిలిపించారు. నా పక్కకు వచ్చి నిలబడి, నా చేయి పట్టుకొని, "తమ్మి, నువ్వు ఆలోచించేటప్పుడు కుడికాలు ముందల వెడ్తవు. ఆలోచన మనసుల వెట్టుకో, కాలుల వెట్టకు" అన్నాడు.

కార్నర్, కవర్ చేయి చేయి పట్టుకొని ఆడతారు. తెలియనివాళ్లకు ఇది విచిత్రంగా ఉంటుంది. ఇద్దరు పెద్ద మగవాళ్లు వేళ్లలో వేళ్లు బిగించి, కూతకు వచ్చినవాడు ఎటు కదిలితే అటు, ఒకే మనిషిలా కదలాలి. ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు ఆయన చేయి పట్టుకున్నానో లెక్కలేదు. గరుకైన అరచేయి. చిటికెనవేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. కాలు పట్టడానికి దూకే ముందు బొటనవేలితో నా చేతిని ఒక్కసారి నొక్కేవాడు. అప్పుడు నేను వదిలేయాలి. నోటితో ఒక్క మాట ఉండేది కాదు.

ఆట లేనప్పుడు ఆయనతో ఉండటం కష్టం. కూర్చోడు. అన్నం నిలబడే తింటాడు, కంచం ఎడమచేతిలో పెట్టుకొని అటూఇటూ తిరుగుతూ. బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా ముందు మెట్టు దగ్గర కమ్మీ పట్టుకొని నిలబడతాడు. కండక్టర్లు తిట్టేవాళ్లు. "జర కూసోరాదుండ్రి, మీకేం పరేషానీ" అని ఒకాయన అంటే, "పరేషాన్ కాళ్లకే సారూ, నాకేం లేదు" అన్నాడు. హోటల్లో చాయ చెప్పి, అది వచ్చేలోపు రోడ్డుకు అవతలి దుకాణం దాకా పోయి వచ్చేవాడు. పడుకున్నా పాదాలు కదులుతూనే ఉండేవి.

వాళ్ల అవ్వ చెన్నూరులో మిషన్ దవాఖానలో ఆయాగా పనిచేసింది. మెథడిస్టు సంఘంలో పెద్ద మనిషి. ఒకసారి ఆమె కరీంనగర్‌లో చుట్టాలింటికి వచ్చినప్పుడు చర్చికి నేనూ వెంట పోయాను. ఆమె ముందు వరుసలో చాప మీద కూర్చుంది. ఆయన తలుపు దగ్గర, చెప్పుల పక్కన నిలబడ్డాడు. పాటలన్నీ పాడాడు. ప్రసంగం మొదలయ్యాక బయటికి పోయి గోడ చుట్టూ తిరిగాడు. ఆరాధన అయ్యాక ఆమె నాతో, "తొమ్మిది నెలలు కడుపుల గూడ గిట్లనే తిరిగిండు బిడ్డా. దేవుని సన్నిధిల ఒక్క గంట కూసుంటే సూసి సచ్చిపోదునని ఉన్నది" అంది. ఆయన విననట్టు చెప్పులు వెతుక్కున్నాడు.

ఆ స్వభావం వల్ల మాకు దెబ్బ కూడా తగిలింది. మంచిర్యాలలో ఒక టోర్నమెంటులో సెమీఫైనల్ దాకా వచ్చాం. తెల్లారి ఆట అనగా ఆయన సంచీ సర్దుకుంటున్నాడు. వణి వాళ్లకు ముందే మాటిచ్చాడట.

"మాకు ఇయ్యలేదా మాట?" అన్నాను.

"మీకు నిన్నటిదాక ఇచ్చిన."

"రేపు ఓడిపోతం అన్నా."

"ఓడిపోతరు" అన్నాడు, ఏదో వాన వస్తుందన్నట్టు. పోయాడు. మేం ఓడిపోయాం. నా ఎడమచేతి పక్కన ఒక కొత్తవాడు నిలబడ్డాడు, వాడి చేయి చెమటతో జారిపోయింది. మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత గోదావరిఖనిలో మావాళ్లు మళ్లీ పిలిపిస్తే వచ్చి, ఏమీ కానట్టు నా చేయి పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నాను. చేయి పట్టుకోకుండా ఆ ఆట ఆడలేం కదా.

నిర్మల్ దగ్గర ఒక ఊళ్లో మాత్రం ఆయన్ని వేరేగా చూశాను. ఆ ఊరి తరఫున ఆడి ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడాడు. ఆఖరున చేతికందిన కాలు జారిపోయింది. ఊరివాళ్లలో ఒకడు గట్టిగానే అన్నాడు, "కిరాయికి వచ్చినోనికి నొప్పేముంటది" అని. ఆయన ఆ మాట విని గీత పక్కనే మట్టిలో కూలబడ్డాడు. చాలాసేపు లేవలేదు. బస్టాండులో నేనడిగాను, "రేపు ఇంకో ఊరికి ఆడుతవు గదా. గివన్ని ఎట్ల మర్చిపోతవన్నా?"

"మర్చిపోను తమ్మి. ఆడ్నే వదిలిపెట్టి వస్త. మోసుకొని తిరిగితే కాళ్లు లేస్తయా?"

ఇక ఆ సీటు సంగతి.

కరీంనగర్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో ఆటగాళ్ల కోటాలో ఒక ఉద్యోగం పడింది. కాలు పట్టేవాడే కావాలన్నారు. ఒక్కటే పోస్టు. రెండు రోజులు ఆడించి చూస్తారు. మేమిద్దరం పెట్టుకున్నాం. అప్పటికి మా బాపు గ్రానైటు క్వారీలో రాయి మీద పడి ఒక చేయి పోగొట్టుకొని ఇంట్లో ఉన్నాడు. అవ్వ నాలుగిళ్లలో పని చేసేది. ఆయనకు అప్పటికి పెళ్లయి రెండేళ్లు. ఆ విషయం మాకు చెప్పాడు గానీ భార్యను ఎప్పుడూ చూపించలేదు.

మొదటి రోజు ఆయన ఆట చూసి, ఎంపికకు వచ్చిన పెద్దమనిషి రాసుకోవడం మానేసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పదకొండుమంది కూతకు పోతే తొమ్మిదిమంది కాళ్లు పట్టాడు. నేను నలుగురిని పట్టాను. సాయంత్రం ఇంటికి పోయి అవ్వతో చెప్పాను, రాదని. ఆమె పొయ్యిలో కట్టెను ముందుకు తోసింది.

రెండో రోజు పొద్దున ఆయన రాలేదు. పేరు మూడుసార్లు పిలిచారు. నేను గేటు దాకా పోయి చూశాను. గంటసేపు ఆగి మిగతా ఆట ఆడించారు. ఉద్యోగం నాకొచ్చింది.

ఆయన ఆ రోజు సిరొంచలో ఆడాడని వారం తర్వాత తెలిసింది. మా వాడకట్టంతా ఒకటే మాట. నా పరిస్థితి చూసి వదిలేశాడని. మా అవ్వయితే ఆ మాట తప్ప ఇంకోటి నమ్మలేదు. ఏ పండగకైనా ముందు ఆయన పేరు చెప్పి ఒక విస్తరి పక్కన పెట్టేది. నాకు మొదటి ఏడాది ఆ కుర్చీలో వీపు ఆనించి కూర్చోవడం చేతకాలేదు. చెన్నూరు పోయి ఆయన ఇంటి గడప తొక్కడానికి ముఖం చెల్లలేదు. ఈ పద్నాలుగేళ్లలో ఒక్కసారీ పోలేదు.

రెండేళ్లకు ఆయనే ఒకరోజు నా ఆఫీసుకు వచ్చాడు. భుజాన సంచీ, సంచీకి కట్టి వేలాడుతున్న బూట్లు. కుర్చీ చూపించాను.

"నువ్వు కూసో. నీ కుర్సీ అది" అని కిటికీ దగ్గర నిలబడ్డాడు. బల్ల మీది ఫైళ్లు చూశాడు. "పొద్దుగాల కూసుంటే మళ్ల ఎప్పుడు లేస్తవు?"

"అయిదింటికి. నడుమల చాయకు లేస్త."

"రోజా?"

"ఆదివారం తప్ప."

ఆయన మొహాన చెమట పట్టింది. ఫ్యాను కింద నిలబడి కూడా. నేను ఇక ఆగలేక అడిగేశాను, "ఆ రెండో నాడు ఎందుకు రాలేదన్నా? మా అవ్వ నీ పేరు మీద విస్తరి తీస్తది."

"ఎందుకవ్వకు గంత తక్లీఫ్" అన్నాడు. కాసేపు కిటికీ ఊచలు పట్టుకొని ఊపాడు. "నీ కోసం పోలే తమ్మి. మొదటి నాడు ఆట అయినంక నీళ్లకని లోపటికి పోయిన. వరండల ఒకాయన కూసొని కాయితాల మీద ముద్రలు కొడ్తున్నడు. మొఖం చూసి గుర్తువట్టిన. నేను పోరన్ని ఉన్నప్పుడు ఆయన ఆట చూసేతందుకు చెన్నూరు నుంచి నడుచుకుంట పోయిన. కూతకొస్తే ముగ్గురిని మీదేసుకొని గీత దాటేటోడు. దండం పెట్టిన. తల ఎత్తలే. ఏం కాయితం అన్నడు. కాయితం లేదు, మీ ఆట చూసిన అన్న. అయితే జరుగు, ఎనుకున్నోళ్లు రావాలె అన్నడు."

"అందుకని..."

"నా కాళ్లు వనికినయి తమ్మి. ఎదురుంగ ఎంతటోడు వచ్చినా ఎన్నడు వనకలే. సక్కగ బస్టాండుకు పోయిన. సిరొంచ బస్సు ఉండె, ఎక్కిన."

చాయ వచ్చేలోపే వెళ్లిపోయాడు. నేను ఆ మాటలు సగమే నమ్మాను. నా బరువు తగ్గించడానికి చెప్పాడేమో అనుకున్నాను. అవ్వతో చెబితే, "మంచోళ్లు గట్లనే అంటరు" అని కొట్టిపారేసింది. కానీ ఆ చెమట నాకు గుర్తుంది. చెమట అబద్ధమాడదు.

టీవీలో పెద్ద లీగు వచ్చాక ఆయన్ని కూడా ఒక జట్టు తీసుకుంది. అప్పటికే ముప్పై దాటాయి. అందరికంటే చివర పిలిచిన పేరు ఆయనది. రెండు నెలలు పెద్ద పెద్ద పట్నాల్లో తిప్పారు, విమానంలో కూడా. ఆడించలేదు. కొత్త బట్టలు తొడిగి, గీత బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇక్కడ నేనూ, అక్కడ చెన్నూరులో పక్కింటివాళ్ల టీవీలో వాళ్ల అవ్వా రోజూ చూసేవాళ్లం. ఒకనాడు ఆమె నాకు ఫోన్ చేసింది. చాలా సంతోషంగా ఉంది. "వాడు కూసున్నడు బిడ్డా. కండ్లార చూసిన. గంటసేపు కదలకుంట కూసున్నడు." నవ్వాలో ఏం చేయాలో నాకు తెలియలేదు. ఎందుకంటే నేను చూస్తున్నది ఆయన పాదాలను. కెమెరా బెంచీ మీదుగా పోయిన ప్రతిసారీ ఆ పాదాలు నేల మీద తడుముకుంటున్నాయి, ఎక్కడికో పోవడానికి.

ఒక్కసారి, గెలుపు ఖాయమైన ఆటలో, చివరి నాలుగు నిమిషాలు లోపలికి పంపారు. ఒకడి కాలు పట్టాడు. ఎంత శుభ్రంగా పట్టాడంటే, పడ్డవాడు కూడా వెనక్కి తిరిగి చూశాడు. వ్యాఖ్యానం చెప్పేవాడు పేరు తప్పు చెప్పాడు. మరుసటి ఏడు పిలవలేదు. ఆ తర్వాతి ఏడు ఎవరికో దెబ్బ తగిలితే ఇంకో జట్టు పిలిచి, ఆ దెబ్బ మానగానే పంపేసింది.

"ఎట్లుండె అన్నా ఆడ?" అని అడిగితే, "పైసలిచ్చి కూసోవెట్టిన్రు తమ్మి. గసొంటి శిక్ష ఎన్నడు పడలే" అన్నాడు. ఆ వారమే ఆసిఫాబాద్ దిక్కు ఒక ఊరి తరఫున ఎర్రమట్టిలో ఆడుతున్నాడని ఎవరో ఫొటో పంపారు. ఫొటోలో నవ్వుతున్నాడు.

చివరి మూడు నాలుగేళ్లు ఎక్కువ కలవలేదు. వాళ్ల అవ్వ పోయిన సంగతి కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఆటలు తగ్గాయి, కుర్రాళ్లొచ్చారు. ఆయన మాత్రం నలభై దాటినా పిలిచినచోటల్లా పోతున్నాడని వినేవాణ్ణి.

ఆదివారం పొద్దున మంచిర్యాలలో బస్సు మారి చెన్నూరు పోయాను. ఇంటి ముందు టెంటు వేశారు. పాస్టరు గారు వాక్యం చదివారు. సంఘంవాళ్లు పాటలు పాడారు. ఓ పదిహేనుమంది ఆటగాళ్లు వచ్చారు, అందరం వెనక నిలబడ్డాం. ఒకరి పేరు ఒకరికి తెలియదు, చేతులు చూస్తే తెలిసిపోతుంది ఎవరు ఏ మూలన ఆడారో. సాక్ష్యం చెప్పమంటే సిరొంచ నుంచి వచ్చిన ముసలాయన లేచి, "తో ఆమచాచ్ హోతా, మావోడే ఆయన" అని కూర్చున్నాడు.

నాకు ఫోన్ చేసింది ఆయన భార్యే. వదినను మొదటిసారి అప్పుడే చూశాను. నా కన్నా చిన్నదేమో. బీడీలు చేసి చేసి పొగాకు రంగు పట్టిన వేళ్లు. ఒక్క చుక్క కన్నీరు లేదు. ఎలా జరిగిందని ఎవరడిగినా ఒకటే రీతిలో చెబుతోంది. "ఛాతిల నొప్పి అన్నడు. మంచిర్యాల దవాఖానకు తీస్కపోయిన. పండుమంటే పండలే. కూసోమంటే కూసోలే. మంచం పొంటి నిలవడ్డడు. నిలవడ్డోడు నిలవడ్డట్టే ఒరిగిండు."

నేను ఎవరో, ఎక్కడ పని చేస్తున్నానో చెప్పాను. ఆఫీసు పేరు వినగానే ఆమె తల ఎత్తింది. భోజనాలయ్యి జనం పోతుంటే, "మీరు జర ఆగున్రి" అంది. ఇంట్లోకి పిలిచి గోడ పక్కన కుర్చీ వేసింది. పెరట్లో వాళ్ల బిడ్డ గ్లాసులు కడుగుతోంది. తొమ్మిదో తరగతట. నిలబడితే అచ్చం ఆయన పొడుగే.

"తమ్మి, ఒక్క మాట అడుగుత. మీ ఆఫీసుల్నే గదా అప్పుడు కొలువు పడ్డది, ఆడిపిచ్చి చూసిన్రు?"

"ఔ వదినా."

"అప్పుడు మీరు ఉన్నరా ఆడ?"

"ఉన్న."

"ఆయన ఎంత తేడాతోని ఫెయిలైండు?"

నాకు అర్థం కాలేదు. ఆమె మొహం చూశాక అర్థమైంది.

"ఫెయిలైన అని చెప్పిండా?"

"ఔ. నేను నిండు కడుపుతోని ఉంటి. రెండు దినాలకు ఇంటికి వచ్చి, ఆడుడు చాతగాలే, నాకంటె మంచోళ్లు వచ్చిన్రు అన్నడు. ఓడిపోయినోన్ని ఏమంటం? ఒక్క మాట అనలే. పద్నాలుగేండ్ల సంది అనలే. నేను బీడీలు చేసిన, ఆయన ఊర్లు తిరిగిండు. లోపల మాత్రం అనుకునేదాన్ని. ఇన్ని ఊర్లు గెలిపిస్తడట గని, మాకు అన్నం పెట్టే ఒక్కనాడు చాతగాలేదని."

అవునని ఒక్క మాట అంటే సరిపోతుంది. కొద్ది తేడాతో పోయింది వదినా అంటే చాలు. ఆయన చెప్పిన మాట నిలుస్తుంది, ఆమెకు కొత్త గాయం ఉండదు. నాకైతే మరీ మేలు. ఆయన ఓడితే నేను గెలిచినవాణ్ణవుతాను, ఆ సీటు నాదవుతుంది. ఎవరూ కాదనేవాళ్లు లేరు. పెరట్లో గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. నేను కుర్చీలోంచి లేచాను, మళ్లీ కూర్చున్నాను.

"ఫెయిల్ కాలే వదినా. మొదటి నాడు అందరికంటె ముందల ఆయననే ఉండె. నాకంటె రెండింతలు. రెండో నాడు రాలే."

"రాలేదా? ఏడికి పోయిండు?"

"సిరొంచల ఆటుండె. పోయిండు."

ఆ తర్వాత ఆఫీసులో ఆయన నాతో చెప్పినదంతా చెప్పాను. వరండాలో ముద్రలు కొడుతున్న మనిషి సంగతి, కాళ్లు వణికిన సంగతి. ఆమె వింటూ చీర కొంగును మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"అంటే ఓడిపోలే" అంది చివరికి.

"ఓడిపోలే."

"అందరికాడ గెలిచి, నాకాడ ఓడిపోయినోని లెక్క ఎందుకు బతికిండు మరి? భయమైంది, పోయిన అంటే తిడుదును. పది దినాలు మాట్లాడకపోదును. గాడికి అయిపోతుండె. పద్నాలుగేండ్లు జాలిపడ్డ తమ్మి. మొగన్ని చూసి జాలిపడుడు ఎట్లుంటదో నీకు తెల్వదు."

పెరటి తలుపు వైపు తిరిగి బిడ్డను పిలిచింది.

"ఇటు రా. సారు చెప్పేది విను." నాతో అంది, "దీన్ని బడిల అనేటోళ్లు. మీ బాపుకు చాతగాక కొలువు రాలేదని. ఏడ్చుకుంట వచ్చేది. నేను గూడ కాదని అనకపోదును. మళ్లొక్కసారి చెప్పు తమ్మి, దానికి."

ఆ పిల్ల తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ గడప దగ్గర నిలబడింది. నేను మళ్లీ చెప్పాను. మొదటిసారి కంటే కష్టమైంది. మీ బాపు ఓడిపోలేదు బిడ్డా, ఆ రోజు వచ్చినవాళ్లందరిలో ఆయనే గొప్పగా ఆడాడు, ఉద్యోగం తనంత తానే వదిలి పోయాడు అని. పిల్ల కళ్లు తిప్పకుండా విన్నది. అమ్మ వైపు ఒకసారి చూసింది.

"అయితే ఆ కొలువు ఎవలకచ్చింది?"

"నాకు" అన్నాను.

వదిన చేతిలో కొంగు ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. పిల్ల మాత్రం నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కోపం కాదు. ఒక లెక్క తప్పిందా సరిపోయిందా అని చూసే చూపు.

"మీ ఇంట్ల ఎవలెవలుంటరు సార్?"

"మా అవ్వ, నా భార్య, ఇద్దరు పిల్లలు. మా బాపుండె. చెయ్యి లేకుండె ఆయనకు. మూడేండ్ల కింద పోయిండు."

"అందరు దాని మీదనే బతికిన్రా?"

"దాని మీదనే బిడ్డా."

చేతులు మళ్లీ చున్నీకి తుడుచుకుంది.

"అయితే మంచిదే" అంది. "వట్టిగ పోలేదు గదా."

మళ్లీ గ్లాసుల దగ్గరికి వెళ్లిపోయింది. పొద్దుటినుంచి అందరికీ ఒకటే రీతిలో జవాబు చెబుతూ వచ్చిన వదిన, గోడకు ఆనుకొని నేల మీద కూలబడి, అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.